తల వంచక్కర్లేని బండి

అమెరికాలో వీల్‌చెయిర్ ఎక్కే వ్యాన్ కొనబోయే కుటుంబం డీలర్‌ని ముందుగా అడిగేది తలుపు ఎత్తు గురించే. వచ్చే జవాబూ ఇంచుమించు ఒకటే: 56 అంగుళాలు, ఒకటి అటో ఇటో. ఎక్కువమందికి అది చాలు. ఐదున్నర అడుగుల మనిషి మామూలు పవర్ వీల్‌చెయిర్‌లో కూర్చుంటే నేల నుంచి నడినెత్తి దాకా 54 అంగుళాల దగ్గర ఆగుతాడు. ఆరడుగులు దాటినవాడి లెక్క వేరు. ఆరడుగుల మూడంగుళాల మనిషికి సీటు మీద నుంచి నడినెత్తి దాకానే 38, 39 అంగుళాలుంటాయి. కుర్చీ సీటు నేల నుంచి 18 అంగుళాల ఎత్తున ఉంటుంది. దాని మీద కుషన్, బరువుకు అణిగాక కూడా, రెండున్నర మూడు అంగుళాలు. మొత్తం 59, 60. డీలర్ చెప్పిన 56 దగ్గర అతని కనుబొమలు ఉంటాయి.

ఈ 56 అనే అంకె చట్టంలోనూ ఉంది. 1990లో వచ్చిన అమెరికా వికలాంగుల చట్టం కింద రవాణా వాహనాలకు చేసిన నిబంధనల్లో, 22 అడుగుల లోపు పొడవున్న బండికి లిఫ్టు పలక లేదా ర్యాంప్ పైభాగం నుంచి గుమ్మం పైఅంచు దాకా కనీసం 56 అంగుళాలు ఖాళీ ఉండాలని రాశారు. అంతకన్నా పొడవైన బస్సులకు 68. ఇది ప్రజా రవాణాకు పెట్టిన నియమం, సొంత బండికి వర్తించదు. అయినా మార్కెట్లో దొరికే మినీవ్యాన్ల గుమ్మాలు ఆ అంకె చుట్టుపక్కలే తిరుగుతాయి. కాబట్టి పొడగరి కుర్చీతో సహా చిన్న వ్యాన్‌లోకి వెళ్లలేకపోతే లోపం అతని ఒంట్లో లేదు. ఆ కొలత అతన్ని లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పొడుగు మనిషికి బండి వెతకడం బండితో మొదలుపెట్టకూడదు. మొదట కుర్చీని చూడాలి. తర్వాత ప్రయాణంలో అతని కళ్లు ఎక్కడ ఉంటాయో చూడాలి. తలుపు మూడోది. చాలా కుటుంబాలు ఇదే పనిని వెనక నుంచి ముందుకు చేసి, డెబ్భై ఎనభై వేల డాలర్లు పెట్టి, మెడ వంచుకుని కూర్చునే బండి ఇంటికి తెచ్చుకుంటున్నాయి.

కొలవడం దగ్గర మొదలుపెడదాం. మనిషి రోజూ కూర్చునే కుర్చీలో, రోజూ వాడే కుషన్ మీద, ఉదయంపూట కూర్చోవాలి. సాయంత్రానికి నడుము వాలిపోయి అంగుళం తగ్గుతుంది, ఆ తగ్గిన కొలత పట్టుకుని షోరూముకు వెళితే మోసపోతాం. బూట్లు వేసి ఉండాలి, ఎందుకంటే పాదాలు ఫుట్‌ప్లేటు మీద ఎలా ఆనుతాయన్నదాన్ని బట్టి తొడల ఎత్తు మారుతుంది. అట్ట గట్టిగా ఉన్న పుస్తకం ఒకటి నెత్తిమీద అడ్డంగా పెట్టి, దాని అడుగు నుంచి నేల దాకా ఇనుప టేపుతో నిటారుగా కొలవండి. తర్వాత కంటి మూల నుంచి నేలకు. తర్వాత భుజం నుంచి నేలకు. చివరగా హెడ్‌రెస్ట్ వెనక అంచు నుంచి కాలి వేళ్ల కొస దాకా పొడవు. వెంటిలేటర్ పెట్టే అర కుర్చీ వెనక ఉంటే దాన్నీ కలపాలి. ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుంటే, ఏ బండి పనికొస్తుందో సగం ఇంట్లోనే తేలిపోతుంది. మొదటిదానికి గుమ్మం, రెండోదానికి కిటికీ, మూడోదానికి సీటుబెల్టు, నాలుగోదానికి లోపల తిరిగే చోటు.

ఇక కుర్చీ. పొడగరి తల అంత ఎత్తుకు వెళ్లడానికి వెన్ను పొడవు ఒక్కటే కారణం కాదు, మోకాలి కింది కాలు కూడా కారణమే. పిక్క పొడవైతే పాదం నేలకు రాసుకోకుండా ఫుట్‌ప్లేటును పైకి తేవాలి, లేదా సీటునే పైకి లేపాలి. సాధారణంగా రెండోదే చేస్తారు. కాలును ముందుకు చాచేలా ఫుట్‌రెస్ట్ కోణం మారిస్తే సీటు ఒకటి రెండు అంగుళాలు దించవచ్చు, కానీ అప్పుడు కుర్చీ పొడవు పెరిగి బండి లోపల తిప్పడం కష్టమవుతుంది. ఎత్తు తగ్గిస్తే పొడవు పెరుగుతుంది, పొడవు తగ్గిస్తే ఎత్తు పెరుగుతుంది. పొడవైన మనిషి విషయంలో అసలు పీటముడి ఇదే. దీన్ని విప్పగలిగేది వ్యాన్ అమ్మేవాడు కాదు, సీటింగ్ క్లినిక్‌లో కుర్చీని అమర్చే థెరపిస్టు.

సీటు పైకి లేచే సదుపాయం గురించి ఇక్కడే ఒక మాట. 2023 నుంచి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ దీనికి డబ్బు ఇస్తోంది, చాలా మంచి నిర్ణయం. ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ మాట్లాడగలగడం, అల్మారాలో వస్తువు తానే అందుకోవడం చిన్న సంగతులు కావు. అయితే కొన్ని మోడళ్లలో ఆ లేపే యంత్రాంగం కుర్చీ అడుగున కూర్చుని, సీటును పూర్తిగా దించినా మామూలు కన్నా ఎత్తులోనే ఉంచుతుంది. ఒకటి రెండు అంగుళాలే కావచ్చు. కానీ 57కీ 59కీ మధ్య తేడా అంటే మినీవ్యాన్‌కీ పెద్ద వ్యాన్‌కీ మధ్య తేడా. కొత్త కుర్చీ, కొత్త బండి ఒకే ఏడాది వస్తున్నాయంటే కుర్చీ ఖాయమయ్యేదాకా బండికి అడ్వాన్సు ఇవ్వొద్దు. సీటును ఎంత కిందికి దించవచ్చో కుర్చీ కంపెనీ పత్రంలో రాసి ఉంటుంది, అడగండి. కుషన్ మార్చి ఎత్తు తగ్గిద్దామని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం థెరపిస్టు మాట లేకుండా ఒప్పుకోవద్దు. వెన్నెముక దెబ్బతిని స్పర్శ లేని మనిషికి పలచటి కుషన్ ఒత్తిడి పుండు తెచ్చిపెడుతుంది. అది నెలల తరబడి మంచాన పడేస్తుంది.

డీలర్లు తరచుగా చూపే దారి మరొకటి ఉంది: కుర్చీని వెనక్కి వాల్చి గుమ్మం దాటించడం. పవర్ టిల్ట్ ఉన్న కుర్చీలో ఇది కొంతవరకు పనిచేస్తుంది, తల కిందికి దిగుతుంది. కానీ టిల్ట్ ఒక కోణం దాటితే కుర్చీ ఆగిపోతుంది లేదా నత్తనడక నడుస్తుంది. మనిషి వెనక్కి పడిపోకుండా పెట్టిన రక్షణ అది. జాయ్‌స్టిక్ ముందుకు నొక్కి పట్టుకుంటే కుర్చీ ర్యాంప్ మధ్యలో మొరాయిస్తుంది. పైగా వాల్చినప్పుడు కాళ్లు పైకి లేచి కుర్చీ పొడవు పెరుగుతుంది కాబట్టి ముందు సీటు వీపుకు ఫుట్‌ప్లేటు తగులుతుంది. ఆ కోణం ఎంతకు పెట్టారో కుర్చీ అమర్చినవాళ్లకు తెలుసు, వాళ్లతో మాట్లాడాకే ఈ దారి గురించి ఆలోచించాలి.

ఇప్పుడు బండ్లు. ఈ పరిశ్రమను మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు వీల్‌చెయిర్ వాడిన మనిషే. ఇండియానా రాష్ట్రంలో వినమాక్ అనే చిన్న ఊరివాడు రాల్ఫ్ బ్రాన్, 1940లో పుట్టాడు, చిన్నప్పుడే కండరాల క్షీణత బయటపడింది. తన రాకపోకల కోసం మోటారు స్కూటరు కట్టుకున్నాడు, తర్వాత పాత పోస్టల్ జీపుకు లిఫ్టు బిగించుకున్నాడు, ఆ తర్వాత పెద్ద డాడ్జ్ వ్యాన్‌కు. 1972లో బ్రాన్ కార్పొరేషన్ పెట్టాడు. ఆ తొలి రోజుల్లో వీల్‌చెయిర్ బండి అంటే పెద్ద వ్యానే. పైకప్పు కోసి ఫైబర్‌గ్లాస్ టోపీ పెట్టి ఎత్తు పెంచేవారు, కావాలంటే నేలనూ దించేవారు. పొడగరులకు అది నిజంగా అనుకూలమైన కాలం. 1991లో బ్రాన్ నేల దించిన మినీవ్యాన్‌ను తెచ్చాక మార్కెట్ అటు తిరిగింది. నడపడం తేలిక, ఇంటి గ్యారేజీలో పడుతుంది, లిఫ్టు బదులు ర్యాంప్. చాలామంది జీవితాలు సులువయ్యాయి. ఎత్తుగా ఉన్నవాళ్లకు మాత్రం ఎంపిక తగ్గింది. ఫోర్డ్ పాత ఈ-సిరీస్ వ్యాన్ ఆగిపోయి దాని చోటికి ట్రాన్సిట్ వచ్చింది. వీల్‌చెయిర్ కోసమే మొదటి నుంచీ రూపొందించిన ఎంవీ-1 అనే బండి 2011లో రోడ్డెక్కింది. దాని గుమ్మం వెడల్పు 36 అంగుళాలు, డ్రైవర్ పక్కనే కుర్చీ ఆగుతుంది. 2016లో ఉత్పత్తి ఆగిపోయింది. పాతవి ఇంకా అమ్మకానికి వస్తుంటాయి, కానీ విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకోకుండా కొనకూడదు.

మినీవ్యాన్ అంటే ఇవాళ ముఖ్యంగా టయోటా సియెన్నా, క్రైస్లర్ పసిఫికా, హోండా ఒడిస్సీ. వీటిని బ్రాన్ఎబిలిటీ, ఫీనిక్స్‌లోని వాంటేజ్ మొబిలిటీ వంటి సంస్థలు కొని, నేల కోసి 10 నుంచి 14 అంగుళాలు దించి, ర్యాంప్ బిగించి అమ్ముతాయి. మార్పు చేశాక పక్క గుమ్మం ఎత్తు 52 నుంచి 57 అంగుళాల మధ్య ఎక్కడో ఉంటుంది, లోపల నడిమధ్య అంతకన్నా రెండు మూడు అంగుళాలు ఎక్కువ. ఒకే కారుకు ఒకే సంస్థ రెండు రకాల మార్పులు చేస్తుంది, ఒకదానిలో నేల ఇంకాస్త లోతు. మీకు కావాల్సింది ఆ లోతైనదే, పేరు పెట్టి అడగాలి. నేల కిందికి దూరిపోయే ర్యాంప్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, గుమ్మానికి అడ్డం రాదు. కానీ అది దాక్కునే అరకు మందం కావాలి, ఆ మందం మీ తల మీది ఖాళీలోంచి పోవచ్చు. మడత ర్యాంప్‌తో పోల్చి రెండూ కొలిచి చూడాలి. పాత కారు కొని నేల దింపించుకుందామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి: ప్లగ్-ఇన్ హైబ్రిడ్ పసిఫికాలో బ్యాటరీ రెండో వరస నేల కిందే ఉంటుంది కాబట్టి అక్కడ నేల దించడం కుదరదు.

పక్క నుంచి ఎక్కాలా, వెనక నుంచా అనే వాదన ఎడతెగనిది. పక్క నుంచి ఎక్కితే లోపల 90 డిగ్రీలు తిరిగి ముందుకు చూడాలి, అవసరమైతే ముందు సీటు తీసేసి డ్రైవర్ పక్కన ఆగవచ్చు. భార్య నడుపుతుంటే భర్త పక్కన కూర్చుని మాట్లాడుకుంటూ వెళ్లడం, వెనక సరుకులా కాకుండా కుటుంబంలో మనిషిలా ప్రయాణించడం నా దృష్టిలో చాలా విలువైన విషయం. కానీ కుర్చీ పొడవు 48 అంగుళాలు దాటితే ఆ 90 డిగ్రీల మలుపు చిక్కుల్లో పడుతుంది, ఫుట్‌ప్లేటు ఎదుటి గోడను గీరుతుంది. వెనక నుంచి ఎక్కే బండిలో మలుపు లేదు, నేరుగా వెళ్లి ఆగడమే. ధర తక్కువ, అడుగున ఖాళీ ఎక్కువ, పక్కన ఎవరైనా కారు అడ్డంగా ఆపినా ఎక్కొచ్చు. కానీ ముందు సీటు దాకా వెళ్లడం సాధారణంగా కుదరదు, ఎక్కేటప్పుడు వీపు రోడ్డు వైపు ఉంటుంది. ఎత్తు సంగతి తేల్చుకున్నాక పొడవు మాత్రమే ఇబ్బంది అయితే వెనక గుమ్మం బండే నయం. తిరుపతి నుంచో గుంటూరు నుంచో అమ్మానాన్నలు ఆరు నెలలు వచ్చి ఉండే ఇళ్లలో ఇంకో లెక్క కూడా ఉంది. పక్క గుమ్మం బండిలో రెండో వరస సీట్లు పోతాయి, చివరి వరస బెంచీ మిగులుతుంది. పిల్లలు, తాతయ్య, నానమ్మ అందరూ ఒకే బండిలో గుడికి వెళ్లాలంటే ఆ బెంచీ ఎక్కడానికి పెద్దవాళ్ల మోకాళ్లు సహకరిస్తాయా అన్నది కూడా చూడాలి.

గుమ్మం దాటడం ఒక నిమిషం పని. ప్రయాణం రెండు గంటలది. అందుకే ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది దీని గురించే. డాలస్ శివారులో ఒక తెలుగు కుటుంబం వ్యాన్ చూడ్డానికి వెళుతుంటే నేనూ వెంట వెళ్లాను. ఆయన ఆరడుగుల రెండంగుళాల మనిషి, ప్రమాదంలో వెన్నుకు దెబ్బ తగిలింది. "ఏమండీ, కాస్త తల వంచండి, వెళ్లిపోతుంది," అని ఆవిడ అంటే గడ్డం ఛాతీకి ఆనించి నెమ్మదిగా లోపలికి వెళ్లాడు. డీలర్ సంతోషించాడు. ఆయన కుర్చీ తిప్పి, తల ఎత్తి, కాసేపు అటూ ఇటూ చూసి, "లోపలికి వచ్చాను సరే, నాకు బయట ఏం కనబడట్లేదు. పక్క కారు టైర్లు కనబడుతున్నాయి," అన్నాడు. నేనూ వంగి ఆయన కళ్ల ఎత్తులో చూశాను. కిటికీ అద్దం పైఅంచు ఆయన కళ్ల కన్నా కింద ఉంది. ఎదురుగా కనిపించేది బూడిద రంగు గుడ్డ చుట్టిన పైకప్పు అంచు. కనుచూపు కిందికి వాలిస్తే తారు రోడ్డు, చక్రాలు. ఆకాశం లేదు, చెట్టు లేదు, ఎదురుగా వచ్చే ఊరి పేరు బోర్డు లేదు. ఆ బండి ఆవిడ వెంటనే వద్దనేసింది.

బయట కనిపించకపోవడం విసుగు పుట్టించే సంగతి మాత్రమే కాదు. దిక్కు తెలియక, మలుపు ముందుగా కనిపించక చాలామందికి కడుపులో తిప్పుతుంది. మొండెం మీద పట్టు లేని మనిషికి మలుపు ముందే కనిపిస్తే చేతితో పట్టుకోవడానికి, తల సర్దుకోవడానికి వీలవుతుంది, లేకపోతే ప్రతి మలుపులోనూ ఒరిగిపోతాడు. అందువల్ల కంటి ఎత్తు కిటికీ పైఅంచుకు కనీసం రెండు మూడు అంగుళాలు కింద ఉండేలా చూడాలి. ముందు సీటు చోట ఆగితే పెద్ద అద్దంలోంచి రోడ్డు చూడొచ్చని అనుకుంటాం. కానీ అక్కడ పైకప్పు ముందుకు వాలుతూ వస్తుంది, అద్దం పైచట్రం నుదుటికి దగ్గరవుతుంది. మధ్యలో సరిపోయిన తల అక్కడ సరిపోకపోవచ్చు. ఏ చోట కూర్చుంటారో ఆ చోటే కొలవాలి.

భద్రత కూడా ఈ ఎత్తుతోనే ముడిపడింది. అమెరికాలో వీల్‌చెయిర్ల ప్రమాద పరీక్షకు డబ్ల్యూసీ19 అనే ప్రమాణం ఉంది. గంటకు 30 మైళ్ల వేగంతో ఎదురుగా గుద్దుకున్నట్టు పరీక్షించి నెగ్గిన కుర్చీకి నాలుగు మూలలా కొక్కెం గుర్తుతో కట్టే చోట్లు ఉంటాయి. ఆ నాలుగింటికీ పట్టీలు బిగించి, మనిషికి విడిగా నడుము బెల్టు, భుజం బెల్టు వేయాలి. కుర్చీకి ఉండే చిన్న బెల్టు కూర్చోబెట్టడానికే, ప్రమాదంలో పనికిరాదు. భుజం బెల్టు వచ్చే కొక్కెం భుజానికి సమానంగానో కాస్త పైనో ఉండాలి. మామూలు కారులో దాన్ని మామూలు సీటు కోసం అమర్చారు. పవర్ కుర్చీలో కూర్చున్న పొడగరి భుజం దానికన్నా నాలుగైదు అంగుళాలు పైన ఉండొచ్చు. అప్పుడు బెల్టు భుజాన్ని కిందికి అణిచి పట్టుకుంటుంది. బ్రేకు గట్టిగా పడితే ఆ బలమంతా వెన్ను మీద పడుతుంది. కొక్కెం పైకి జరపడం కుదురుతుందా, గోడకు ఎత్తున వేరే పట్టీ బిగిస్తారా అని అడగాలి. తల తగలకుండా కుర్చీ వాల్చి కూర్చుని ప్రయాణం చేయమని చెబితే ఒప్పుకోకూడదు. వీపు నిటారు నుంచి 30 డిగ్రీలు దాటి వాలితే భుజం బెల్టు ఛాతీకి ఆనదు, గుద్దుకున్నప్పుడు మనిషి బెల్టు కిందికి జారిపోతాడు. గుమ్మం దాటడానికి వాల్చడం వేరు, దారి పొడుగునా వాల్చి ఉంచడం వేరు.

పట్టీలు కట్టే మనిషి ఎప్పుడూ పక్కన ఉండకపోతే డాకింగ్ తాళం పెట్టించుకుంటారు, ఈజీ లాక్, క్యూస్ట్రెయింట్ వంటివి. కుర్చీ వెళ్లి దానిలో కూర్చుంటే దానంతట అదే బిగుసుకుంటుంది. నడిపేది కూడా తానే అయితే ఇది తప్పదు. కుర్చీ అడుగున దీనికోసం బిగించే ఇనుప మేకు నేలకు దగ్గరగా వేలాడుతుంది. ర్యాంప్ మొదట్లో, గడప దగ్గర అది తగులుతుందేమో చూడాలి.

కూర్చున్న ఎత్తు 58 దాటితే, నా మాట వింటే, మినీవ్యాన్ గురించి మరచిపోండి. పెద్ద వ్యాన్‌కే వెళ్లండి. ర్యామ్ ప్రోమాస్టర్ హైరూఫ్‌లో లోపల సుమారు 76 అంగుళాలు, ఫోర్డ్ ట్రాన్సిట్ మీడియం రూఫ్‌లో సుమారు 72, హైరూఫ్‌లో 81. నేల మీద పైపొర, ఇనుప పట్టాలు వేస్తే ఒకటి రెండు తగ్గుతాయి. అయినా తల మీద చెయ్యెత్తేంత ఖాళీ. సాయం చేసేవాళ్లు నిలబడి పట్టీలు కట్టొచ్చు, మనిషిని సర్దొచ్చు, దారిలో గొంతు నుంచి కఫం తీయాల్సి వస్తే తీయొచ్చు. బరువైన కుర్చీలు ఒక్కోటి 300, 400 పౌండ్లు తూగుతాయి, మనిషితో కలిపి 600 దాటొచ్చు. ఆ బరువు మీద మరో నలుగురు ఎక్కినా పెద్ద వ్యాన్ మోస్తుంది. మినీవ్యాన్‌లో డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కరులో ఎంత బరువు మోయగలదో చూసి, మార్పు చేశాక మిగిలింది ఎంతో లెక్క వేసుకోవాల్సిందే.

పెద్ద వ్యాన్‌లో తలుపు లోపలి ఎత్తుకన్నా తక్కువగా ఉంటుందని గుర్తుంచుకోవాలి. లిఫ్టు పలక మందం కూడా అందులోంచి పోతుంది. ట్రాన్సిట్ నేల రోడ్డుకు చాలా ఎత్తు, కాబట్టి లిఫ్టు కావాలి. ప్రోమాస్టర్ ముందు చక్రాలతో నడిచే బండి కనుక నేల కాస్త కింద ఉంటుంది, పొడవైన ర్యాంప్‌తో నడిపించేవాళ్లూ ఉన్నారు. వెనక లిఫ్టు పెట్టించి, ఎక్కినచోటే వెనక ఇరుసు మీద కుర్చీ కట్టేస్తే ప్రతి గుంతా వెన్నుకు తెలుస్తుంది. కుర్చీని రెండు ఇరుసుల మధ్యకు ముందుకు తీసుకెళ్లి కట్టే ఏర్పాటు ఉండాలి. వెన్ను దెబ్బతిన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అసలు ఇబ్బంది బయట ఉంది. ట్రాన్సిట్ హైరూఫ్ బయటి ఎత్తు 110 అంగుళాల దగ్గర, ప్రోమాస్టర్ హైరూఫ్ 101 దగ్గర. అమెరికా ఇళ్ల గ్యారేజీ తలుపు మామూలుగా ఏడడుగులు, అంటే 84. కాబట్టి బండి బయటే, మంచులోనే. వ్యాన్లకు కేటాయించిన పార్కింగ్‌కు నిబంధన అడిగే ఎత్తు 98 అంగుళాలు, ఆసుపత్రి గ్యారేజీ గుమ్మం దగ్గరే ఈ బండి ఆగిపోతుంది. డాక్టరు దగ్గరికి తరచుగా వెళ్లే ఇల్లైతే ఆ ఆసుపత్రిలో బయట ఎక్కడ ఆపాలో ముందుగా చూసిరావాలి. ఇంతా చెప్పి కూడా నేను పెద్ద వ్యాన్ వైపే మొగ్గుతాను. మంచులో బండి ఆపడం నడిపేవాళ్ల కష్టం, దానికి ఉపాయాలున్నాయి. మెడ వంచి కూర్చోవడం ఆ ఒక్క మనిషి కష్టం, దానికి ఉపాయం లేదు.

డబ్బు గురించి క్లుప్తంగా. మార్పు చేసిన కొత్త మినీవ్యాన్ 70 వేల డాలర్ల పైమాటే, లక్ష దాకా పోతుంది. మెడికేర్ బండికి ఇవ్వదు. కొన్ని రాష్ట్రాల్లో తక్కువ ఆదాయం వాళ్లకుండే ప్రభుత్వ బీమా మెడికెయిడ్‌లోని మినహాయింపు పథకాలు మార్పుల ఖర్చులో కొంత ఇస్తాయి. ఉద్యోగం చేస్తున్నా, వెతుకుతున్నా రాష్ట్ర వృత్తి పునరావాస శాఖను తప్పకుండా అడగాలి, బండికి కాకపోయినా మార్పులకు ఇవ్వొచ్చు. కార్ల కంపెనీలు వెయ్యి డాలర్ల దాకా తిరిగి ఇస్తాయి. వైద్య ఖర్చుల కింద మార్పుల విలువను పన్నులో చూపించుకోవచ్చు, మొత్తం వైద్య ఖర్చు ఆదాయంలో ఏడున్నర శాతం దాటినప్పుడు ఆ పైభాగానికి. బీమా కంపెనీకి మార్పుల విలువ విడిగా రాయించాలి.

మన తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి పూర్తిగా వేరు. నేల దించిన మినీవ్యాన్ ఇక్కడ షోరూముల్లో కొనుక్కునే వస్తువు కాదు. దించితే అడుగున మిగిలే ఐదారు అంగుళాల ఖాళీతో మన స్పీడ్‌బ్రేకర్లు దాటడమూ కష్టమే. ఈకో లాంటి చిన్న వ్యాన్ వెనక ర్యాంప్ పెట్టించే ప్రయత్నాలు పొట్టి మనిషికి, మడిచే కుర్చీకి పనికొస్తాయేమో గాని, పవర్ కుర్చీలో నిటారుగా కూర్చునే ఆరడుగుల మనిషికి కాదు. ఇక్కడ అతనికి మిగిలే దారి ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ వంటి ఎత్తైన బండ్లకు వెనక హైడ్రాలిక్ లిఫ్టు పెట్టించడం. ఏ మార్పు చేసినా రిజిస్ట్రేషన్ పత్రంలో ఎక్కించాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీవో అనుమతి కావాలి. అది లేకుండా ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఇబ్బంది. విజయవాడ, హైదరాబాద్ ఇళ్లలో ఇవాళ్టికీ ఎక్కువగా జరుగుతున్నది వేరు: ఇద్దరు మనుషులు చంకల కింద, మోకాళ్ల కింద చేతులు వేసి ఎత్తి కారు సీట్లో కూర్చోబెడతారు, కుర్చీ ఇంట్లో ఉండిపోతుంది. పొడుగు మనిషిని అలా ఎత్తడం ఎత్తేవాళ్ల నడుముకూ ప్రమాదమే, అతని భుజాలకూ ప్రమాదమే. అమెరికా నుంచి సెలవులకు వచ్చే కుటుంబాలు ఇది తెలుసుకుని, లిఫ్టున్న టెంపో అద్దెకు దొరుకుతుందా అని టికెట్లు కొనక ముందే వాకబు చేయాలి.

కొనే ముందు చేయాల్సింది ఇంకా ఉంది. షోరూములో ఎక్కి దిగితే చాలదు. ఎవరి కోసం కొంటున్నారో ఆ మనిషి, తన సొంత కుర్చీలో, పట్టీలు పూర్తిగా బిగించుకుని, కనీసం గంటసేపు హైవే మీద, గతుకుల రోడ్డు మీద ప్రయాణించి చూడాలి. గతుకు పడినప్పుడు తల పైకప్పుకు ఎంత దగ్గరకు వెళుతుందో అప్పుడే తెలుస్తుంది. నిలిచిన బండిలో మిగిలిన అంగుళం కదిలే బండిలో మిగలదు, రెండు మూడు అంగుళాలు ఉండాలి. డీలర్ ఒప్పుకోకపోతే వారం రోజులకు అద్దెకు తీసుకోండి, పెద్ద నగరాల్లో ఇలాంటి వ్యాన్లు అద్దెకు ఇస్తారు. డ్రైవింగ్ కూడా తానే చేయదలిస్తే ధ్రువపత్రం ఉన్న డ్రైవర్ పునరావాస నిపుణుల అంచనా ముందు, కొనడం తర్వాత. డీలర్‌కు నేషనల్ మొబిలిటీ ఎక్విప్‌మెంట్ డీలర్స్ అసోసియేషన్ నాణ్యతా గుర్తింపు ఉందో లేదో చూడండి.

బ్రోషర్‌లో గుమ్మం ఎత్తు అంటే దాని అతి ఎత్తైన చోటు. అక్కడే రబ్బరు అంచు, తలుపు మోటారు పెట్టె ఒక అంగుళం కిందికి వేలాడుతుంటాయి. మీ టేపుతో మీరు కొలిచిన అంకెలను, గుమ్మం దగ్గరిది ఒకటి, కూర్చునే చోట పైకప్పుది ఒకటి, కొనుగోలు పత్రంలో రాయించండి. ఆర్డరిచ్చి కట్టించే బండి అయితే ఆ రెండు అంకెలూ పత్రంలోకి ఎక్కేదాకా సంతకం పెట్టొద్దు.